అప్‌డేట్: వరద పిల్లల కోసం అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ అయింది

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచాక, మబ్బు పడితే చాలు పిల్లలు వణికిపోతున్నారని, మా అంగన్‌వాడీ టీచర్లకు, ఆశాలకు ఏం నేర్పాలని ఇంతకుముందు మిమ్మల్ని అడిగాను కదా. రెండు రోజుల శిక్షణ పూర్తయింది.

మొదటి పూట స్లైడ్లు పక్కన పెట్టేశాం. ఆ టీచర్ల, ఆశాల ఇళ్లూ మునిగాయి మరి, ముందు వాళ్ల ఏడుపు వినాల్సి వచ్చింది. ఆ సంగతి నాకు తట్టనే లేదు, సిగ్గేసింది.

మీరన్నట్టే మానసిక ప్రథమ చికిత్స మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 గైడ్‌లోని మూడు మాటలే పట్టుకున్నాం: చూడు, విను, (సాయం చేసేవాళ్లతో) కలుపు. 'విను' దగ్గరే అందరం తప్పాం. నాటకంలా చేయిస్తే ఒక్కొక్కరూ "ఏం కాదులే, ఏడవకు నాన్నా" అనేసేవాళ్లే. "ఆ రాత్రి ఏమైందో చెప్పు" అని తవ్వకూడదన్నది ఇంకా ఆలస్యంగా బుర్రకెక్కింది.

మబ్బు పట్టగానే పలక, చెప్పులు బీరువా మీద పెట్టమని గోల చేసే ఐదేళ్ల పిల్లాడొకడున్నాడు. టీచరమ్మ ఈసారి వద్దనలేదు. స్టూలు వేసి తనే పెట్టించి, "పైన పెట్టేశాంగా, పాట పాడదామా?" అంది. వాడు పాడలేదు గానీ చాప మీద కూర్చున్నాడు.

వారాల తరబడి నిద్ర, తిండి లేని ఇద్దరి కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించి, డాక్టర్ దగ్గరికి పంపాం. ఆశాలకు ఇస్తామన్న దారి ఖర్చులు మాత్రం ఇంకా రాలేదు.