'వినుదట', 'చనుదట': గజేంద్రుడి రెండో సందేహం

గజేంద్రమోక్షంలో చాలామందికి నోటికొచ్చే పద్యాలు 'కలడందురు', 'లావొక్కింతయు'. వాటి వెనకే ఉండి, అంతగా ఎవరూ ఎత్తుకోని ఒక చిన్న కందం గురించి ఈ చర్చ. (అరసున్నలు వదిలేశాను.)

వినుదట జీవుల మాటలు
చనుదట చనరాని చోట్ల శరణార్థుల కో
యనుదట పిలిచిన సర్వము
గనుదట సందేహమయ్యె గరుణావార్ధీ!

జీవుల మాటలు వింటావట. ఎవరూ పోలేని చోట్లకు పోతావట. శరణన్నవాళ్లు పిలిస్తే 'ఓ' అని పలుకుతావట. అన్నీ చూస్తావట. నాకు మాత్రం అనుమానంగా ఉంది, దయాసముద్రుడా!

ఈ పద్యం వచ్చిన చోటు చూడండి. మనం కథ చెప్పేటప్పుడు ముందు బలం, తర్వాత సందేహం, ఆపైన శరణాగతి, వెంటనే రక్ష అని వరస పెట్టేస్తాం. పోతన వరస వేరు. 'కలడో లేడో' అన్న సందేహం ముందే వచ్చింది. కొన్ని పద్యాల తర్వాత 'లావొక్కింతయు' పద్యంలో 'నీవే తప్ప నితఃపరం బెరుగ' అని శరణాగతీ వచ్చింది. ఆ శార్దూలం ముగిసీ ముగియగానే మళ్లీ సందేహం! శరణన్న నోటితోనే 'సందేహమయ్యె' అంటున్నాడు గజేంద్రుడు. ఉపన్యాసాల్లో దీన్ని చప్పున దాటేస్తుంటారు, కథ నడకకు అడ్డమని కాబోలు.

రెండు సందేహాల మధ్య తేడా క్రియల్లో ఉంది. మొదటిదాంట్లో దేవుడు ప్రథమ పురుష, అంటే 'వాడు'. 'అందురు' అన్న మాట మూడుసార్లు పడింది. అనేవాళ్లెవరో చెప్పలేదు, లోకం. చివరికి ఆయన్ని పేరు పెట్టి కూడా అనలేదు, 'కలడు కలండనెడివాడు', అంటే ఉన్నాడు ఉన్నాడని అందరూ అనేవాడు, అంతే. రెండోదాంట్లో 'అందురు' స్థానంలో 'అట' వచ్చింది. అదీ వినికిడి మాటే. కానీ వినుదు, చనుదు, కనుదు అన్నీ మధ్యమ పురుషలు, అంటే 'నీవు' అని ఎదుటివాణ్ణి పలకరించేవి. ఆయన గురించి లోకాన్ని అడగడం మాని ఆయన్నే అడుగుతున్నాడు. సందేహం పిసరంతైనా తగ్గలేదు.

ఇది నాకు వ్యాకరణం కాకుండా పోయిన కాలం ఒకటుంది. ఇంట్లో ఒకరి ఆరోగ్యం ఎటు తిరుగుతుందో తెలియని నెలలు. చూడవచ్చినవాళ్లంతా మంచివాళ్లే. అయితే ప్రతి ఓదార్పూ 'అంటారు' దగ్గరే ఆగేది. ఏం జరిగినా మన మంచికే అంటారు. కష్టాలు కలకాలం కాపురం ఉండవంటారు. తలూపేదాన్ని. రాత్రిళ్లు మంచం పక్కన కూర్చుని, సెలైన్ గొట్టంలో చుక్కలు పడటం చూస్తూ 'కలడందురు' అనుకుంటే అదీ ఆ మాటల్లో ఒకటిగానే వినిపించేది. 'వినుదట' అనుకున్నప్పుడు మాత్రం గొంతులోకి కాస్త కోపం వచ్చింది. కోపగించుకోవడానికైనా ఎదుట ఒకరుండాలి కదా. నమ్మకం కుదిరిందని అనను, మాట్లాడటానికి ఒకరు దొరికారు. అప్పట్లో బతుక్కి అర్థం అంటే నాకు అంతే.

వ్యాఖ్య: 'అట'ను వినికిడిగా మాత్రమే తీసుకుంటే చాలదేమో. అందులో ఎత్తిపొడుపు కూడా ఉంది. 'ఈయన పెద్ద దాతట!' అంటే పొగడ్త కాదు. నాలుగు 'అట'లు వరసగా పడ్డాయంటే అది నిష్ఠూరమే. శరణన్నవాడు నిష్ఠూరమాడటం ఏమిటి? పైగా సంస్కృత భాగవతంలో గజేంద్రుడి స్తోత్రమంతా తత్త్వమే, ఈ అనుమానాలు అక్కడ కనిపించవు.

జవాబు: మీరన్న రెండూ ఒప్పుకుంటున్నాను. నిష్ఠూరమే. దారిన పోయేవాడి మీద ఎవరూ నిష్ఠూరమాడరు, అయినవాళ్ల మీదే ఆడతారు. చేయించిన నగల లెక్క అప్పజెప్పి రామదాసు రాముణ్ణి నిలదీయలేదా?

ఇక మూలం సంగతి. 'ఎవ్వనిచే జనించు జగము' అని పోతన కూడా తత్త్వంతోనే ఎత్తుకున్నాడు. అయితే అక్కడితో ఆగలేదు. 'పిలిస్తే ఓ అంటావట' అన్నాక వచ్చే పద్యం ఎలా మొదలవుతుందో గమనించారా? 'ఓ కమలాప్త! యో వరద! యో ప్రతిపక్షవిపక్షదూర!' ఓ అని పలుకుతాడని విన్నవాడు, ఓ అని పిలిచి చూస్తున్నాడు. ఆ ఉత్పలమాల నిండా పిలుపులే, నడుమ 'కుయ్యో' అన్న ఏడుపు ఒకటి. వైకుంఠంలో ఆ విష్ణువు చెవిన పడ్డదేమిటో కూడా పోతన స్పష్టంగానే చెప్పాడు: 'పాహి పాహి యన గుయ్యాలించి సంరంభియై'. కుయ్యి అంటే మొర. జగమెవ్వనిచే పుట్టిందన్న విచారణ ఊసు ఆ పద్యంలో లేదు.