ముక్కాలులో కాలు ఎక్కడిది?

ముక్కాలిపీటకి మూడు కాళ్ళు ఉంటాయి, సరే. "ముక్కాలు మువ్వీసం పని అయిపోయింది" అన్నప్పుడు ఆ ముక్కాలు ఏమిటి? అది కూడా మూడు కాళ్ళే, అంటే ముప్పావు. నాలుగుకాళ్ళ జంతువుకి ఒక కాలు నాలుగో వంతు కదా, ఆ లెక్కన.

తమిళంలో కాల్, కన్నడంలో కాలు అంటే ఈరోజుకీ అటు కాలూ ఇటు పావూ. బెంగుళూరులో ‘హత్తూ కాలు’ అంటే పదింబావు. మనం మాత్రం విడి కాలుని ఆ లెక్కల్లోంచి తప్పించి, దాని చోట పావుని కూర్చోబెట్టాం. తమాషా ఏమిటంటే పావు కూడా కాలే! సంస్కృతంలోని పాదం ప్రాకృతంలో అరిగి అరిగి పావు అయింది. పద్యానికి నాలుగు పాదాలు, నక్షత్రానికి నాలుగు పాదాలు అనేదీ ఈ లెక్కే. కలియుగంలో ధర్మం ఒంటికాలి మీద నడుస్తుందంటే, మిగిలింది పావు వంతేనని.

ఇక మువ్వీసం సంగతి. వీసం పదహారో వంతు. ముక్కాలు అంటే 12 వీసాలు, పైన ఇంకో 3, మొత్తం 15. ఒక్క వీసమే తక్కువ. ఇప్పుడు మనం ఊరికే "99 పర్సెంట్ అయిపోయింది" అనేస్తున్నాం గానీ, పాతవాళ్ళ మాటే నిజాయితీగా ఉంది.

‘కాలుగాలిన పిల్లి’లో రెండోది వేరే కాలు. అది కాలడం, కాల్చడంలోని క్రియ. గసడదవాదేశం వల్ల క కాస్తా గ అయింది. ఈ రెంటికీ చుట్టరికం కలపడం వృథా ప్రయాస. కాలువని కూడా ఈ కాలికే కట్టేయాలని కొందరికి ముచ్చట. తమిళంలో కాల్‌కి నీటికాలువ అనే అర్థం ఉన్నమాట నిజమే, కానీ ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వాటిని వేర్వేరు పద్దుల్లోనే చూపిస్తుంది. నాకూ అదే సబబనిపిస్తుంది.

అన్నట్టు కుర్చీకీ బల్లకీ కాళ్ళుంటాయి గానీ, మంచానికి ఉండేవి కోళ్ళు. అది ఇంకో కథ.

చిత్తూరు, హోసూరు, బళ్ళారి వైపు వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి: మీ ఇళ్ళలో ముక్కాలు కాకుండా, ఒట్టి ‘కాలు’ అనే మాటని పావు అనే అర్థంలో వాడతారా? వాడితే ఒక వాక్యం రాసి పెట్టండి.