ఏలియన్, ప్రెడేటర్, బ్లేడ్ రన్నర్: మూడూ ఒకే లోకమా?

జోన్సీ_పిల్లి
ఏలియన్‌కీ ప్రెడేటర్‌కీ చుట్టరికం ఉందని తెలుసు, ఏవీపీ (ఏలియన్ వర్సెస్ ప్రెడేటర్) సినిమాలే ఉన్నాయి. బ్లేడ్ రన్నర్ కూడా అదే లోకమని వీడియోల్లో తెగ చెప్తున్నారు. దీనికి గట్టి ఆధారం ఏదైనా ఉందా? రెండూ రిడ్లీ స్కాట్ తీశాడని కలిపేస్తున్నారా?

పాత_డీవీడీ
కథలో చెప్పిన ఆధారం ఒక్కటీ లేదండీ. ఉన్నవన్నీ చాటుమాటు సూచనలే. బ్లేడ్ రన్నర్ (1982)లో పోలీసు గాఫ్ నడిపే స్పిన్నర్ (ఎగిరే కారు) తెరమీద 'ఎన్విరాన్ సీటీఆర్ పర్జ్' అని వస్తుంది. అది ఏలియన్ (1979)లో వాడిన గ్రాఫిక్కే. ఏలియన్ 20వ వార్షికోత్సవ డీవీడీలో కెప్టెన్ డల్లాస్ బయోడేటా చూస్తే, గతంలో టైరెల్ కంపెనీలో పనిచేసినట్టు ఉంటుంది. బ్లేడ్ రన్నర్‌లో రెప్లికెంట్లని, అంటే కృత్రిమ మనుషులని, తయారుచేసేది ఆ కంపెనీయే. ఏలియన్‌కి ముందుకథ ప్రొమీథియస్ (2012) డిస్క్ అదనపు సరుకులో, అందులోని కంపెనీ అధిపతి పీటర్ వేలండ్ రాత ఒకటుంది: దేవదూతల నగరాన్ని (లాస్ ఏంజెలెస్ అన్నమాట) చూస్తూ పిరమిడ్ మీద దేవుడిలా కూర్చున్న ఒక పాత పోటీదారు గురించి. పేరు రాయలేదు గానీ టైరెల్ అని పసివాడికైనా తెలుస్తుంది. వీడియోలవాళ్ల బలం అంతా ఇదే.

నెక్సస్7
గ్రాఫిక్ మళ్లీ వాడటం ఆధారమైతే ఫైర్‌ఫ్లై అనే టీవీ సీరియల్ కూడా ఏలియన్ లోకమే అనాలి. దాని మొదటి ఎపిసోడ్‌లో విమాన విధ్వంసక తుపాకీ తెరమీద ఏలియన్‌లోని కంపెనీ వేలండ్-యుటాని లోగో ఉంది! దాన్ని తీసిన జాస్ వీడన్ అంతకుముందు ఏలియన్ రిసరెక్షన్ రాశాడు కదా, ఆ సరదా అది.

అసలు చిక్కు కాలం దగ్గర. బ్లేడ్ రన్నర్ కథ 2019 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లో. అప్పటికే నెక్సస్-6 రెప్లికెంట్లని మనిషి నుంచి వేరుచేయాలంటే ప్రశ్నలడిగి స్పందన చూసే వోయిట్-కాంఫ్ పరీక్ష పెట్టాలి. ప్రొమీథియస్ ప్రచారానికి తీసిన టెడ్ ప్రసంగం వీడియోలో వేలండ్ 2023లో నిలబడి, ఇంకొన్నేళ్లలో మనిషికీ యంత్రమనిషికీ తేడా తెలియదు అని గొప్పలు పోతాడు. నాలుగేళ్ల కిందట పక్కవాడు చేసేసినదాన్ని ఎవడైనా కొత్తగా ప్రకటిస్తాడా?

పైగా రెండూ ఒకే జాతి సరుకు కాదు. రెప్లికెంటుది రక్తమాంసాలున్న ఒళ్లు, నెక్సస్-6కి ఆయుష్షు నాలుగేళ్లు. ఏలియన్ సినిమాల్లోని యంత్రమనుషులు యాష్, బిషప్ ఒంట్లో ఉండేది తెల్లటి ద్రవం. అలాంటివాళ్లని పట్టడానికి ప్రశ్నలెందుకు, సూదిపోటు చాలు.

జోన్సీ_పిల్లి
సరే, బ్లేడ్ రన్నర్ పక్కనపెడదాం. ఏలియన్, ప్రెడేటర్ మాత్రం ఖాయమే కదా?

నెక్సస్7
సగం. డార్క్ హార్స్ కామిక్స్ 1989లోనే రెంటినీ కలిపింది. ప్రెడేటర్ 2 (1990)లో నౌకలో వేటగాడి బహుమతుల గోడ మీద ఏలియన్ పుర్రె కనిపించింది. ఏవీపీ (2004)తో అది కథే అయిపోయింది. రెండూ ఫాక్స్ చేతిలో ఉండటం వల్లే ఇదంతా కుదిరింది. బ్లేడ్ రన్నర్ హక్కులు వేరేవాళ్లవి, అందుకే ఆ కలయిక సరదా సూచనల దగ్గరే ఆగింది.

ఇక చిక్కేమిటంటే, ఏవీపీలో 2004 నాటికే అంటార్కిటికా మంచు కింద ఏలియన్ రాణి గొలుసులతో కట్టేసి ఉంది. ఏలియన్: కవెనెంట్ (2017) కథ జరిగేది 2104లో. అందులో ఆ జీవిని డేవిడ్ అనే యంత్రమనిషి ప్రయోగాలు చేసి తయారుచేస్తున్నట్టు చూపిస్తారు. వందేళ్ల ముందే ఉన్నదాన్ని ఎలా కనిపెడతాడు? కంపెనీ పుట్టుకా అంతే: ఏవీపీలో స్థాపకుడు చార్లెస్ బిషప్ వేలండ్, ప్రొమీథియస్‌లో పీటర్ వేలండ్. అందుకే ఏవీపీ రెండు సినిమాలనీ విడి కొమ్మగా చూస్తేనే లెక్క కుదురుతుంది.

పాత_డీవీడీ
ఒక్క చేర్పు. ప్రెడేటర్: బ్యాడ్‌లాండ్స్ (2025)లో ఎల్ ఫానింగ్ చేసిన థియా వేలండ్-యుటాని సింథటిక్ (యంత్రమనిషి). అంటే ఏవీపీని ముట్టుకోకుండానే రెండు లోకాలనీ తెరమీద కలిపేశారు. ఇకమీదట వాదనకి దాన్నే పట్టుకోండి, పుర్రెని కాదు.

జోన్సీ_పిల్లి
సోల్జర్ (1998) సినిమా సంగతి? దాన్నీ బ్లేడ్ రన్నర్‌తో కలుపుతారు కదా?

నెక్సస్7
అది మాత్రం బ్లేడ్ రన్నర్‌కి నిజమైన బంధువే. రాసింది ఆ స్క్రిప్టు రచయితల్లో ఒకడైన డేవిడ్ పీపుల్స్. కర్ట్ రస్సెల్ పాత్ర యుద్ధాల చిట్టాలో, బ్లేడ్ రన్నర్‌లో వినిపించే టాన్‌హాయిజర్ గేట్ పేరు ఉంటుంది, చెత్తకుప్పలో స్పిన్నర్ కూడా పడి ఉంటుంది. తీసింది ఎవరో తెలుసా? తర్వాత ఏవీపీ తీసిన పాల్ ఆండర్సనే. వీడియోలవాళ్లకి ఈ ముక్క చెప్పకండి, మళ్లీ మొదలుపెడతారు.