పక్క ఇల్లు కూల్చబోతున్నారు: గిర్ని కాంక్రీట్ నేల ముందే వేయాలా, ఆగాలా?

ప్రశ్న: నల్గొండ నుంచి, గిర్ని యజమాని

అందరికీ నమస్కారం. నల్గొండ పాతబస్తీలో మాకున్న కొద్దిపాటి స్థలంలో పిండి గిర్ని, కారం గిర్ని పెట్టుకోవడానికి 24 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పుతో ఒక షెడ్డు కట్టుకుంటున్నాము. గోడలు పూర్తయ్యాయి, పైన రేకులు కూడా పడ్డాయి. లోపల రెండున్నర అడుగుల ఎత్తున మొరం నింపి, రోజూ నీళ్లు పెడుతున్నాము. ఇక ఆరు అంగుళాల మందంతో కాంక్రీట్ నేల వేయడమే మిగిలింది.

చిక్కంతా తూర్పు వైపున ఉంది. అటు పక్కన రాయీ మట్టీ పెట్టి కట్టిన పాత మిద్దె ఉంది. దాని గోడకూ మా గోడకూ మధ్య చెయ్యి దూరేంత సందు కూడా లేదు. ఆ ఇంటివారు దాన్ని కూల్చి కొత్త ఇల్లు కట్టుకోబోతున్నారు. రాళ్లను పొడిచి పగలగొట్టే బ్రేకర్ బిగించిన హిటాచీ మే మొదటి వారంలో వస్తుందని మొదట చెప్పారు, ఇప్పుడేమో నెలాఖరు అంటున్నారు. మేము ప్రస్తుతం గిర్ని నడుపుతున్న అద్దె మడిగెను జూన్ నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి.

ఇప్పుడే నేల వేస్తే, మిషన్ వచ్చేనాటికి 28 రోజులు నిండి కాంక్రీట్ గట్టిపడుతుందని మా బావగారు అంటున్నారు. ఎంత గట్టిపడినా బ్రేకర్ అదుర్లకు పగుళ్లు వస్తాయని మేస్త్రీ భయపెడుతున్నారు. లెక్క వేస్తే 216 ఘనపుటడుగుల కాంక్రీట్, అంటే సుమారు 50 బస్తాల సిమెంటు అవుతుంది. ఒకసారి వేశాక పగలగొట్టి మళ్లీ వేయించుకునే స్తోమత మాకు లేదు. అనుభవమున్నవారు దయచేసి దారి చెప్పగలరు.

జవాబు 1: దేవరకొండ నుంచి, మేస్త్రీ

మీ మేస్త్రీ చెప్పినదే సరైన మాట. పక్కన కూల్చే పని ఉందని తెలిసి కూడా ముందుగా నేల వేయడం మంచిది కాదు. అదుర్ల సంగతి పక్కన పెట్టినా, పాత మిద్దె గోడ ఒరిగి ఒక్క గుండు రాయి రేకులను చీల్చుకుని లోపల పడితే నేల మీద గుంట తప్పదు. మొరం మీద పడితే ఒక గంపెడు మొరం పోసి సరిచేసుకోవచ్చు. 28 రోజులు నిండని కాంక్రీట్ పక్కన బ్రేకర్ పెట్టడానికి నేను మాత్రం ఒప్పుకోను.

జవాబు 2: మహబూబ్‌నగర్ నుంచి, సైటు ఇంజనీరు

మేస్త్రీ గారు చెప్పిన నిర్ణయంతో నేను ఏకీభవిస్తున్నాను, కానీ దానికి చూపిన కారణంలో కొంత సవరణ అవసరం. అదుర్ల విషయంలో 28 రోజుల లెక్కకు అంత ప్రాధాన్యం లేదు. కాంక్రీట్ పోసిన మొదటి గంటా రెండు గంటలు అది ఇంకా ముద్దగానే ఉంటుంది కాబట్టి, బయటి అదురు దానికి పెద్దగా హాని చేయదు. ఆ దశలో మనమే కదా వైబ్రేటర్ పెట్టి అదిలించేది! అసలు ప్రమాదం, కాలు పెడితే ముద్ర పడని స్థితి వచ్చినప్పటి నుంచి మర్నాటి వరకు ఉంటుంది. ఆ వేళలో కాంక్రీట్‌కు కదిలి తిరిగి సర్దుకునే గుణం పోయి ఉంటుంది, లాగుడును తట్టుకునే బలం మాత్రం ఇంకా వచ్చి ఉండదు. అప్పుడు పడిన సన్నని చీలిక ఇక ఎన్నటికీ పూడదు. కాబట్టి కాంక్రీట్ వేసిన రోజున, ఆ మర్నాడు పక్కన బ్రేకర్ ఆడకూడదు. వీలైతే మూడు రోజులు ఆపించడం ఇంకా మేలు.

ఆ తరువాత ప్రమాదం రోజురోజుకూ తగ్గుతుంది. మన ప్రాంతంలో ఎక్కువగా వాడే పీపీసీ సిమెంటుకు (బూడిద కలిపిన రకం) ప్రమాణాలు నిర్దేశించిన కనీస బలం 7 రోజులకు 22, 28 రోజులకు 33 మెగాపాస్కల్స్ (నొక్కుడును తట్టుకునే బలానికి కొలత), అంటే వారం తిరిగేసరికే మూడింట రెండు వంతులు వచ్చేస్తుంది. సరిగా నీళ్లు పట్టిన నేల వారం పది రోజులు నిండాక పక్కింటి బ్రేకర్ అదురుకు తనంతట తాను పగలడం అరుదు.

అయినా ఆగమని ఎందుకు అంటున్నానంటే, నా భయం కాంక్రీట్ గురించి కాదు, దాని కింద ఉన్న మొరం గురించి. రెండున్నర అడుగుల నింపుడును ఆరేసి అంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిసతో కొట్టి ఉంటే సరే. ఒకేసారి ట్రాక్టర్లతో పోసి పైన నీళ్లు పెట్టి ఉంటే మాత్రం అది ఇంకా దిగవలసిన నేలే. నల్గొండ రెండు గుట్టల మధ్య ఊరు, చాలా చోట్ల కొద్ది లోతులోనే బండ తగులుతుంది. బండ మీద బ్రేకర్ కొడితే ఆ అదురు పెద్దగా తగ్గకుండానే పక్క స్థలానికి చేరుతుంది. ఆ అదురుకు వదులుగా ఉన్న మొరం అర అంగుళమో, అంగుళమో దిగుతుంది. ఆ దిగడమేదో కాంక్రీట్ వేయకముందే జరిగిపోతే మీరు మళ్లీ మట్టసం చేసుకుని పైన వేసుకోవచ్చు. వేసిన తరువాత జరిగితే నేల కింద ఖాళీ ఏర్పడుతుంది, దాని మీద గిర్ని మిషన్ రోజంతా ఆడుతుంది. ఆ పైన ఏమవుతుందో మీరే ఊహించవచ్చు.

జవాబు 3: మహబూబ్‌నగర్ నుంచి, దుకాణదారు

ఇంజనీరు గారు మొరం గురించి రాసింది చదివాక నా సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మా బట్టల దుకాణం నేల వేసి మూడు వారాలు దాటిన తరువాతనే పక్క ఇల్లు కూల్చారు. కూల్చినన్ని రోజులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూశాము. ఒక్క పగులు కూడా రాకపోవడంతో గండం గడిచిందనుకుని సంతోషించాము.

నష్టం ఆ తరువాత జరిగింది. కొత్త పునాదుల కోసం వాళ్లు మా పునాది రాళ్లను ఆనుకుని ఐదడుగుల లోతు కందకం తీసి, పని ఆపి వదిలేశారు. రెండు రాత్రులు వాన పడింది. మా పునాది రాళ్ల సందుల్లోంచి మొరం నీళ్లతో కలిసి వాళ్ల కందకంలోకి జారిపోయింది. పైన నేల చూడటానికి ఎప్పటిలాగే ఉంది. ఒకరోజు మా అమ్మాయి ఇత్తడి చెంబు చేయిజారి ఆ మూలన పడితే, శబ్దం తేడాగా వినిపించింది. సుత్తితో మెల్లగా కొడుతూ గోడ వెంట నడిచాను. గోడ నుంచి నాలుగడుగుల వరకు కుండ మీద కొట్టినట్టు బోలుగా మోగింది, అది దాటాక శబ్దం గట్టిగా వచ్చింది. కందకంలోకి దిగి రాళ్ల సందులోంచి ఇనుప చువ్వ పెడితే మూరెడు పైగా ఏ అడ్డూ లేకుండా లోపలికి పోయింది. చివరకు ఆ నాలుగడుగుల పట్టీ మొత్తం కోసి తీసి, అడుగున పలుచని కాంక్రీట్ నింపి, పైన మళ్లీ వేయించవలసి వచ్చింది.

కాబట్టి కూల్చడం ఎప్పుడని మాత్రమే అడగకండి. ఎంత లోతు తవ్వుతారు, కందకం ఎన్ని రోజులు తెరిచి ఉంచుతారు, మీ వైపు పునాది ఎప్పుడు లేపి మట్టి పూడుస్తారు అన్నవి కూడా అడగండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మొరం పొరలుగా పోయలేదు, ట్రాక్టర్లతో ఒకేసారి పోయించాము. ఆ విషయం ఒప్పుకోవాలి. నిన్న సాయంత్రం పక్కింటి పెద్దాయనతో కూర్చుని మాట్లాడాను. మా గోడ వెంట నాలుగున్నర అడుగులు తవ్వుతారట. ఆయన మంచి మనిషి. మా వైపు పునాది ముందుగా కట్టి పూడ్చిన తరువాతనే మిగతా వైపులు మొదలుపెట్టిస్తానని మాట ఇచ్చారు. ఆ లెక్కన మా తూర్పు వైపు జూన్ రెండో వారానికి తేలుతుంది. అప్పుడు నేల వేస్తే నెలాఖరుకు గిర్ని ఎక్కించగలమా? ఈలోగా చేసుకోదగిన పని ఏమైనా ఉందా?

జవాబు 4: మహబూబ్‌నగర్ నుంచి, సైటు ఇంజనీరు

ఎక్కించవచ్చు, కానీ క్రమం మార్చుకోవాలి. మిషన్‌ను బిగించే కాంక్రీట్ దిమ్మెలను నేలలో కలపకుండా విడిగా, నింపుడు మొరం కిందికి తవ్వి అసలు గట్టి నేల తగిలే చోటు నుంచి లేపండి. అవి పడమటి గోడ వైపు ఉంటే, పక్క పని మొదలుకాక ముందే ఇప్పుడే పోసుకోవచ్చు, అప్పటికి బాగా బలపడతాయి. దిమ్మెకూ నేలకూ మధ్య, నేలకూ నాలుగు గోడలకూ మధ్య అర అంగుళం థర్మాకోల్ షీటు నిలబెట్టండి. అప్పుడు ఒకదాని కదలిక రెండోదానికి పాకదు. మిషన్ భారం దిమ్మె మీదే పడుతుంది కనుక నేలకు పది రోజులు నిండగానే బిగింపు మొదలుపెట్టవచ్చు.

మొరాన్ని అడుగున్నర లోతు తీసి, పొరలుగా తిరిగి పోసి, దిమ్మిసకు బదులు ప్లేట్ కాంపాక్టర్ (అదురుతూ మట్టిని అణిచే మిషన్) అద్దెకు తెచ్చి కొట్టించండి. ఆ పని మాత్రం పక్కవాళ్లు పునాది పూడ్చిన తరువాతే చేయండి. ముందే చేస్తే మళ్లీ చేయవలసి వస్తుంది. ఎండలు జూన్‌లో తగ్గకపోతే, 40 డిగ్రీలు దాటే రోజున పగటి పూట పోయకుండా, సాయంత్రం ఎండ వాలాక మిల్లర్ (కాంక్రీట్ కలిపే మిషన్) తిప్పడం మొదలుపెట్టండి. తెల్లవారగానే మడి కట్టి కనీసం పది రోజులు నీళ్లు నిలపండి. పగుళ్లు అడ్డదిడ్డంగా పోకుండా నేల మీద కోసే కోత గీతలు మర్నాడే, మందంలో నాలుగో వంతు లోతుకు కోయించండి.

పక్క పెద్దాయనతో ఇంకొక్క మాట చెప్పండి. మీ గోడను ఆనుకున్న ఆ రాతి గోడను మిషన్‌తో నెట్టించవద్దు. ముందు మనుషులతో పై నుంచి వరుస వరుసగా విప్పించి, మిగతా ఇల్లు దాని నుంచి విడివడిన తరువాతే బ్రేకర్ దించమనండి. గోడ మొత్తం ఒక్కసారి కూలితే వచ్చే దెబ్బ బ్రేకర్ అదురు కన్నా చాలా పెద్దది.

ఇంకొకటి, ఇది మొదటే చెప్పవలసింది. మీరు మొరం మీద రోజూ పెడుతున్న నీళ్లు ఎటు పోతున్నాయి? మట్టి కట్టుబడి గోడ అడుగు నానితే అది చెప్పకుండా కూలుతుంది. పక్క ఇంట్లో మనుషులు ఇంకా ఉన్నారా? ఉంటే తూర్పు వైపు నీళ్లు పెట్టడం ఈ రోజే ఆపేయండి. రేపు తెల్లవారే ఆయనను వెంటబెట్టుకుని వెళ్లి, లోపలి వైపున గోడ మొదట్లో చెమ్మ పైకి పాకిందేమో చేత్తో తడిమి చూడండి.