ఆర్‌ఎన్‌ఏ కలపగానే సీడీలో 222 దగ్గర దిగింది: పెప్టైడ్ ముడుచుకున్నట్టేనా?

కాకుటూరు_బయోటెక్:
అన్నలూ, నా దగ్గరున్నవి రెండు: హెచ్‌ఐవీ రెవ్ ప్రోటీన్‌లో 34–50 ముక్క (పెప్టైడ్, 17 అమైనో ఆమ్లాలు), అది పట్టుకునే వైరస్ ఆర్‌ఎన్‌ఏ ముక్క ఆర్‌ఆర్‌ఈ ఐఐబీ (34 న్యూక్లియోటైడ్లు). పెప్టైడ్ ఒక్కదానికే సీడీ (సర్క్యులర్ డైక్రోయిజం, అణువు ఆకారాన్ని కాంతితో చూసే పద్ధతి) తీస్తే 198 నానోమీటర్ల దగ్గర గుంట, అంటే ఆకారం లేదు. ఆర్‌ఎన్‌ఏ సమానంగా కలిపి, విడి ఆర్‌ఎన్‌ఏ స్పెక్ట్రమ్ తీసేసి చూస్తే 222 దగ్గర బాగా దిగింది, అది హెలిక్స్ (స్ప్రింగులాంటి మెలిక) గుర్తంటారు. రెండూ 20 మైక్రోమోలార్, 1 మి.మీ. సెల్, 10 మిల్లీమోలార్ ఫాస్ఫేట్, ఉప్పు వెయ్యలేదు. పెప్టైడ్ తూకం వేసి కలిపిందే. పావుగంటకి సిగ్నల్ మొత్తం తగ్గిపోతోంది. హెలిక్స్ ఏర్పడిందని రాసేయొచ్చా? ముందు ముడుచుకుని పట్టుకుంటుందా, పట్టుకున్నాక ముడుచుకుంటుందా అని వైవాలో అడుగుతారంట.

పెన్నా_గట్టు:
అప్పుడే రాయబాకు అబ్బయా. సిగ్నల్ తగ్గిపోతోందంటేనే అనుమానించాల. పెప్టైడ్‌కి నికరంగా తొమ్మిది ప్లస్సులు, ఆర్‌ఎన్‌ఏకి 33 మైనస్సులు. ఉప్పు లేకుండా కలిపితే ఆర్‌ఎన్‌ఏలో పెప్టైడ్ కూర్చోవాల్సిన సరైన గాడి ఏదని చూడకుండా ఎక్కడపడితే అక్కడ అంటుకుని గుంపులు కడతాయి. 350 దగ్గర అబ్సార్బెన్స్ చూడు. అక్కడ ఈ రెండిట్లో ఏదీ కాంతిని పీల్చదు, ఏమన్నా కనిపిస్తే అది మసకే. 100 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడ్ వేసి మళ్ళీ తియ్యి. క్లోరైడ్ వద్దు, 200 కింద అదే కాంతిని మింగేస్తుంది. ఆ ఉప్పులోనూ 222 దిగితే అప్పుడు మాట్లాడుకుందాం.

ఇక తూకం. ఆ పెప్టైడ్‌లో పది ఆర్జినైన్లున్నాయి. కంపెనీ నుంచి వచ్చే పొడిలో ఒక్కోదానికీ, ఎన్ కొసకీ ఒక్కో ట్రైఫ్లోరోఅసిటేట్ అంటుకుని ఉంటుంది. దాని బరువు 114, కాబట్టి 11 × 114 అంటే 1254. పెప్టైడ్ బరువు సుమారు 2440. కాబట్టి నువ్వు తూచినదాంట్లో మూడో వంతు పెప్టైడే కాదు. 45వ స్థానంలో ట్రిప్టోఫాన్ ఉంది కదా, ఆర్‌ఎన్‌ఏ కలపకముందే 280 దగ్గర 5500 గుణకంతో కొలువు. బ్రాడ్‌ఫర్డ్ (రంగు కలిపి ప్రోటీన్ కొలిచే పద్ధతి) జోలికి పోవద్దు, ఆ రంగు ఆర్జినైన్‌కే అంటుకునేది, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

ఒంగోలు_స్పెక్ట్రా:
పైన చెప్పినవన్నీ సరే, అసలు చిక్కు ఇంకోటుంది. కలిపిన స్పెక్ట్రమ్‌లోంచి విడి ఆర్‌ఎన్‌ఏ స్పెక్ట్రమ్ తీసేసి మిగిలింది పెప్టైడ్‌దే అనుకుంటున్నారు మీరు. ఆర్‌ఎన్‌ఏ మారకపోతేనే ఆ లెక్క నిలబడుతుంది. ఇక్కడ మారుతుంది: రెవ్ వచ్చి కూర్చుంటే గాడిలో జీ–జీ, జీ–ఏ బేస్ జతలు గట్టిపడి, యూ72 అనే బేస్ బయటికి తిరుగుతుంది. ఒంటికి చుట్టాకే కుచ్చిళ్ళు పడే చీరలాంటిది పెప్టైడ్ అంటారు గానీ, ఇక్కడ ఒళ్ళు కూడా కాస్త వంగుతుంది. 260–270 దగ్గర ఆర్‌ఎన్‌ఏ పాజిటివ్ పట్టీ చూడండి, పెప్టైడ్ గొలుసు సిగ్నల్ అక్కడికి రాదు. అక్కడ తేడా పెద్దగా ఉంటే 222 తేడాలోనూ ఆర్‌ఎన్‌ఏ వాటా ఉండొచ్చు. అలాంటప్పుడు ఎన్15 (బరువైన నైట్రోజన్) లేబుల్ పెట్టిన పెప్టైడ్‌తో హెచ్‌ఎస్‌క్యూసీ (అమైడ్లు చుక్కలుగా కనిపించే ఎన్‌ఎంఆర్ ప్రయోగం) తియ్యాలి. విడిగా 8 పీపీఎం చుట్టూ ఇరుక్కున్న అమైడ్ చుక్కలు కలిశాక విడివిడిగా పరుచుకుంటే అది పెప్టైడ్ మార్పే.

దొరికితే రెండు గదుల ట్యాండెమ్ సెల్ వాడండి. ఒక గదిలో పెప్టైడ్, రెండోదాంట్లో ఆర్‌ఎన్‌ఏ పోసి ఒకసారి తీసి, తిరగేసి కలిపి మళ్ళీ తీస్తే తేడా సూటిగా వస్తుంది.

వైవా ప్రశ్నకి సీడీతో జవాబు రాదు, అది చివరి స్థితినే చూపిస్తుంది. స్టాప్డ్ ఫ్లో (రెండిట్నీ క్షణంలో కలిపి మార్పు వేగం కొలిచే పద్ధతి) కావాలి: ఆర్‌ఎన్‌ఏ కనీసం పదింతలు ఎక్కువ పెట్టి, దాని గాఢత పెంచుతూ వేగం చూడాలి. వేగం తగ్గితే ముందే ముడుచుకున్న రూపాన్ని ఏరుకుంటోందని చెప్పొచ్చు. పెరిగితే మాత్రం రెండు దారులకీ సరిపోతుంది, చాలామంది పొరపడేది ఇక్కడే. 1993లో ఫ్రాంకెల్ బృందం చూపించింది, పెప్టైడ్‌లో హెలిక్స్ పాలు పెరిగేకొద్దీ ఆర్‌ఆర్‌ఈని సరిగ్గా గుర్తుపట్టడం మెరుగైందని. హెలిక్స్ ముఖ్యమని దానివల్ల తెలుస్తుంది, ఏది ముందో తెలియదు.

కాకుటూరు_బయోటెక్:
ఫ్లోరైడ్ బఫర్లో మెగ్నీషియం కూడా వెయ్యొచ్చా సార్? ఇంకోటి, సీడీకి చెన్నై పోవాల, ఈ ఎండల్లో శాంపిల్ ఎట్టా తీసుకుపోయేది?

పెన్నా_గట్టు:
వెయ్యబాకు, మెగ్నీషియం ఫ్లోరైడ్ తెల్లగా దిగిపోతుంది, దాన్ని చూసి పెప్టైడ్ గుంపు కట్టిందనుకుంటావు. రోహిణి కార్తెలో ద్రావణం మొయ్యడం దండగ. పెప్టైడ్ పొడిగానే, ఆర్‌ఎన్‌ఏ ఇథనాల్‌లో దించి ఆరబెట్టి తీసుకుపో. అక్కడ బఫర్లో కరిగించి, 95 డిగ్రీల్లో రెండు నిమిషాలు పెట్టి, వెంటనే ఐస్‌లో దించు. మెల్లగా చల్లారనిస్తే హెయిర్‌పిన్‌కి (ఒక్క ఆర్‌ఎన్‌ఏ తనమీద తానే మడుచుకున్న రూపం) బదులు రెండేసి కలిసి జంటలవుతాయి. ఉప్పు ఆ తర్వాతే.