దీపాల వెలుగులో ఫోటో: మొహం ఎర్రగా, మసకగా వస్తోంది, ఏం చేయాలి?

సిరిమువ్వ:
దీపావళికి ప్రమిద పట్టుకున్న మనిషిని తీయాలి. క్రాప్ సెన్సర్ కెమెరా, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్, చిన్న ఫ్లాష్, ట్రైపాడ్ ఉన్నాయి. ఆటోలో పెడితే మొహం కందిపోయినట్టు ఎర్రగా, పైగా కదిలిపోయి వస్తోంది. ఫ్లాష్ వేస్తే దీపం వెలుగన్నదే కనబడటం లేదు. కాకరపువ్వొత్తితో గాల్లో అక్షరాలు రాయడం ఎలాగో కూడా చెప్పగలరా?

నీడగూడు:
ముందు గదిలో ట్యూబ్‌లైట్ ఆర్పేయండి. రెండు రంగుల వెలుగులు కలిస్తే ఒకటి సరిచేసేసరికి రెండోది చెడుతుంది.

ఒక్క ప్రమిద వెలుగు మొహానికి చాలదు. పళ్ళెంలో ఆరేడు ప్రమిదలు దగ్గరదగ్గరగా పేర్చి, ఫ్రేములో పడకుండా ఒక పక్కగా, గడ్డం ఎత్తులో స్టూలు మీద పెట్టండి. ఒత్తులు కాస్త లావుగా చేయండి. పళ్ళేన్ని రెండడుగుల నుంచి అడుగు దూరానికి జరిపితే వెలుగు నాలుగు రెట్లవుతుంది. అంటే ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ సున్నితత్వం) 6400 నుంచి 1600కి దిగొచ్చు. చేతిలో దీపం నడుము దగ్గరుంటే వెలుగు కిందినుంచి కొట్టి ముక్కు నీడ పైకి పాకుతుంది, చూడ్డానికి భయంగా ఉంటుంది. దాన్ని ఛాతీ ఎత్తుకు, కొంచెం పక్కకు పట్టుకోమనండి. రెండో చెంప మరీ నల్లబడితే అటువైపు తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టండి.

మాన్యువల్‌లో షట్టర్ 1/100 సెకను, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/2.2, ఐఎస్ఓ 1600తో మొదలుపెట్టి, చాలకపోతే 3200కి వెళ్ళండి. ఎఫ్/1.8 వద్దు. మీటరు దూరంలో స్పష్టంగా వచ్చే లోతు సుమారు 3 సెంటీమీటర్లే. మనిషి కాస్త ఊగినా కన్ను మసకబారుతుంది.

రంగులరాట్నం:
ఎరుపు సంగతి. నూనె దీపం రంగు సుమారు 1900 కెల్విన్. చాలా కెమెరాల్లో వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును సరిదిద్దే సెట్టింగ్) 2500 కంటే కిందికి దిగదు, ఆటో అయితే అంతదూరం కూడా రాదు. కెల్విన్ మోడ్‌లో 2800 నుంచి 3200 మధ్య ఆపండి. పూర్తిగా తెల్లగా దిద్దితే దీపం కళే పోతుంది.

కందినట్టు కనిపించడానికి అసలు కారణం వేరే: ఎరుపు ఛానల్ (ఫోటోలో ఎరుపు రంగు పాలు) నిండిపోవడం. మామూలు హిస్టోగ్రామ్‌లో (వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫ్) ఇది తెలియదు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ చూడండి. ఎరుపు కుడిగోడకు తగిలితే ఎక్స్‌పోజర్‌ను స్టాప్‌లో (ఒక స్టాప్ అంటే వెలుగు సగం కావడం) మూడింట రెండు వంతులు తగ్గించి, రా ఫైల్‌లో (కెమెరా దిద్దని ముడి ఫోటో) తీయండి. జ్వాల తెల్లగా కాలిపోతే పోనివ్వండి, చెంప మీద చర్మం నిలిస్తే చాలు.

సిరిమువ్వ:
థాంక్సండీ. మరి ఫ్లాష్ అసలు వాడకూడదా?

రంగులరాట్నం:
వాడొచ్చు, దీపం రంగులోకి తెచ్చాకే. ఫ్లాష్ మొహానికి నారింజ జిలెటిన్ కాగితం కట్టి, పవర్ 1/64కి దించి, దీపం ఉన్న వైపు గోడకు కొట్టండి. నేరుగా కొడితే వెలుగు దీపంది కాదని ఇట్టే తెలిసిపోతుంది.

చిచ్చుబుడ్డి:
అక్షరాలకు: ట్రైపాడ్, ఐఎస్ఓ 100, ఎఫ్/11, 6 నుంచి 8 సెకన్లు. టార్చి వేసి మొహం మీద ఫోకస్ చేసి, మాన్యువల్ ఫోకస్‌లోకి మార్చండి. లేకపోతే నొక్కినప్పుడల్లా చీకట్లో లెన్స్ వెతుక్కుంటుంది. లెన్స్ మీద యూవీ ఫిల్టర్ ఉంటే తీసేయండి, నిప్పురవ్వల వెలుగు ఫిల్టర్ మీద ప్రతిఫలించి, ఫోటోలో లేనిచోట వెలుగు చుక్కలు పడతాయి. ఫ్లాష్‌ను రియర్ కర్టెన్‌లో (షట్టర్ మూసుకునే ముందు వెలిగే సెట్టింగ్) పెడితే రాయడం అయ్యాక వెలిగి మొహాన్ని పట్టేస్తుంది. పొగ మాత్రం పక్కకు పోయేలా నిలబెట్టండి, లేకపోతే ఫ్లాష్ పొగనే వెలిగిస్తుంది.

తలకట్టుతోనే తంటా. చెయ్యెత్తి తీసుకెళ్ళిన దారి కూడా గీతగా పడుతుంది. ఆ క్షణం లెన్స్‌కు నల్ల అట్ట అడ్డం పెట్టి, చెయ్యి చేరాక తీయండి. మొదట ‘ఓం’ ప్రయత్నించండి, తలకట్టు లేదు, సున్న దగ్గర ఒక్కసారి అడ్డం పెడితే సరి.

అక్షరాలు కెమెరాకు తిరగబడి పడతాయి. తర్వాత ఫోటోను అద్దంలోలా కుడిఎడమలు మార్చి తిప్పేయొచ్చు గానీ, చీర కట్టుకున్నవాళ్ళయితే పైట కుడి భుజం మీదికి వచ్చేస్తుంది, మనవాళ్ళు ఠక్కున పట్టేస్తారు. అలాంటప్పుడు తిరగేసి రాయడం ముందే కాగితం మీద సాధన చేయించండి. పైట కొంగు దోపేసి, పక్కన బకెట్‌తో నీళ్ళు పెట్టుకోండి.