30 సెం.మీ. గాజు ఆర్‌పీసీ: తిరుపతి ల్యాబ్‌లో ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఎమ్మెస్సీ విద్యార్థుల కోసం మ్యూవాన్లను (కాస్మిక్ కిరణాల వల్ల పైనుంచి పడే కణాలు) పట్టే రెసిస్టివ్ ప్లేట్ చాంబర్ (ఆర్‌పీసీ: రెండు గాజు పలకల మధ్య గ్యాస్ నింపి హై వోల్టేజీ ఇచ్చే డిటెక్టర్) ఒకటి చేయాలనుకుంటున్నాం. 30 × 30 సెం.మీ. పలకలు, 3 మి.మీ. మందం గాజు, మధ్యలో 2 మి.మీ. ఖాళీ. ముందుగా ఏది చూసుకోవాలి?

జవాబు 1: గాజు కంటే ముందు గ్యాస్ లైను చూసుకోండి సార్. మీ చాంబర్‌లో పట్టేది 180 మి.లీ. మాత్రమే. నిమిషానికి 10 మి.లీ. చొప్పున వదిలితే 3 గంటల్లో పదిసార్లు మారుతుంది. బయటికెళ్లే గొట్టం చివర నూనె బబ్లర్ (గ్యాస్ నూనెలోంచి బుడగలుగా బయటికి పోయే సీసా) తప్పనిసరి, లేదంటే బయటి గాలి వెనక్కి వస్తుంది. లీకు పరీక్ష నైట్రోజన్‌తో చేయండి. చాంబర్ గ్యాస్ మిశ్రమంలో వాడే ఐసోబ్యూటేన్ మండుతుంది, దాని జోలికి చివర్లో వెళ్లండి.

బటన్ స్పేసర్లు (రెండు పలకల మధ్య ఖాళీని సమానంగా ఉంచే బిళ్లలు) నాలుగు చాలు, 10 సెం.మీ. దూరంలో. వాటిని అంటించే ఎపాక్సీ జిగురు ఆరడానికి ఒక రోజు పూర్తిగా వదిలేయండి. తొందరపడితే బటన్ ఊడుతుంది, అక్కడ గాజు ఉబ్బుతుంది.

జవాబు 2: గాజు బయటివైపు వోల్టేజీ ఇవ్వడానికి పూసే గ్రాఫైట్ పెయింట్ అంచుకు 1 సెం.మీ. లోపలే ఆపండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర వానల తేమకు గాజు అంచు మీదుగా కరెంటు పాకుతుంది. జనాలేమో గ్యాస్‌ను అనుమానిస్తారు! ఎండాకాలంలో ఇంకో తంటా: వేడికి గాజు నిరోధం తగ్గి లీకేజీ పెరుగుతుంది. ఏసీ గది లేకుండా రీడింగులు పోల్చకండి.

ప్రశ్నించినవారు: వోల్టేజీ?

జవాబు 1: ఒకవైపు +5, మరోవైపు −5 కిలోవోల్టుల దాకా, మెట్లు మెట్లుగా. ప్రతి మెట్టు దగ్గర కరెంటు నిలకడగా ఉందో లేదో చూడండి. పడుకోబెట్టిన చాంబర్ మీద నిమిషానికి సుమారు 900 మ్యూవాన్లు పడతాయి. లెక్క దానికి చాలా ఎక్కువైతే అది నాయిసే.